సన్నగీత

1979 సెప్టెంబర్ 24, సోమవారం

పొద్దున్నే ఒక వింత. ప్రెస్సులో అక్షరాలు పేర్చి కంపోజ్ చేసే మునెయ్య తాత కింది సొరుగు తాళం తీశాడు. మూడు నెలలుగా కాలేజీ అయ్యాక ప్రూఫులు దిద్దడానికి ప్రెస్సుకు పోతున్నాను, దసరా సెలవులు ఇచ్చినప్పటినుంచీ పొద్దున్నే పోతున్నాను. ఆ సొరుగు తెరవడం ఒక్కసారి కూడా చూడలేదు. ఓనరమ్మ అందులో నగలు దాచుకుందేమో అనుకునేదాన్ని.

నగలే. కాకపోతే సీసంవి.

ఒక్కో అక్షరం నా బొటనవేలంత ఉంది. ‘శ’ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. టైపులో అక్షరం తిరగబడి ఉంటుంది కదా, అయినా తడుముకోకుండా చదివాను. మామూలు టైపులో గీతంతా ఒకటే మందం. ఇందులో పొట్ట దగ్గర నిండుగా లావుగా ఉంది. వంపు తిరిగే చోట సన్నబడుతూ సన్నబడుతూ వెంట్రుకంత అయిపోయి, అవతల మళ్ళీ లావెక్కింది.

“లావుగీత ఎవుడైనా చెక్కుతాడు పాపా. సన్నగీత కాడనే ఉండాది పనితనం. సూడు, ఈడ లేనట్టే ఉండాది. అయినా అక్షరాన్నంతా అదే పట్టుకోనుండాది.”

తాత ఈ టైపును మల్లెతీగ అంటాడు. మద్రాసులో పోతపోసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందట. పెళ్ళిపత్రికల మీద ‘శుభలేఖ’ అన్న మాటకు తప్ప బయటకు తీయడు. ఆ ఒక్క మాట కోసమే మదనపల్లె నుంచి కూడా మన ప్రెస్సుకు వస్తారట.

ఈరోజు నేర్చుకున్న మాట: సన్నగీత. ఏ నిఘంటువులోనూ ఉండదేమో. నాకు మాత్రం పొద్దుటినుంచీ కనిపించినవాటన్నిటిలో లావుగీతా సన్నగీతా కనిపిస్తున్నాయి. తిరుచానూరు బస్సులో పూలమ్మే ఆమె మెడ వెనక వెంట్రుకల పాయ. మా అమ్మ చేతిమీది నరం.

సెప్టెంబర్ 26, బుధవారం

తాత మళ్ళీ నన్ను కాగితం చదివి పెట్టమన్నాడు. “రాత కుదురుగా లేదు పాపా, అందుకని.” రాత కుదురుగానే ఉంది. స్కూలు టీచరు రాసింది, ముత్యాల్లా ఉంది. నేను చదువుతుంటే ఆయన చేయి తనంతట తాను గడుల్లోకి పోయి అక్షరాలు తెచ్చుకుంటుంది. చేతికి కళ్ళతో పనిలేదు.

చదవడం అయ్యాక అన్నాడు. “ఓనరమ్మకు చెప్పబాకు. ముప్పై ఎనిమిదేండ్లుగా ఈ పనిలో ఉండాను. కండ్లు మసకని తెలిస్తే చేతులు గూడా మసకంటారు.”

చెప్పనన్నాను. నాకొక రహస్యం అప్పగించాడని గర్వంగా ఉంది.

సెప్టెంబర్ 29, శనివారం

రేపు ఆయుధపూజ. తాత శ్రీకాళహస్తిలో కూతుర్ని చూడటానికి పోయాడు. పొద్దున వస్తాడు. ఓనరమ్మ శకుంతలమ్మ అన్నీ కడిగి సిద్ధం చేయమని నాకు చెప్పి, పూలకూ పండ్లకూ బజారుకు పోయింది.

కాలితో తొక్కే ట్రెడిల్ మిషను తుడిచాను. అక్షరాల గడులున్న కేసులు దులిపాను. అక్షరాలు వరసగా పేర్చే స్టిక్కులు కిరసనాయిలుతో కడిగాను. కిందిసొరుగు తాళంచెవి తాతే ఇచ్చిపోయాడు, మల్లెతీగను పూజలో పెట్టాలని. తీసి చూస్తే పాత సిరా వంపుల్లో నల్లగా గడ్డకట్టి ఉంది. కిరసనాయిలుకు కరగలేదు.

అప్పుడు నాకు మంచి ఉపాయం తట్టింది. మా అమ్మ తిరుచానూరు లాడ్జీలో ఇత్తడి దీపాలు తోముతుంది కదా. నల్లబడ్డ కుందిని బంగారం చేస్తుంది. బస్సెక్కి ఇంటికి పోయి చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు తెచ్చాను. ఒక్కో అక్షరాన్నీ తోమాను. శుభలేఖలోని అక్షరాలను మరీ శ్రద్ధగా, మూడేసి సార్లు. వేళ్ళు మండాయి.

వెండిలా మెరిశాయి! తాత ముఖం చూడాలి.

సెప్టెంబర్ 30, ఆదివారం

తాత ముఖం చూశాను. పళ్ళెంలో గంధం, కుంకుమ, చామంతిపూల మధ్య మల్లెతీగ. “అబ్బా! వెండి సామాను మాదిరి ఉండాయే! దేంతో కడిగినావు పాపా?”

నేను నోరు తెరిచేలోపే ఓనరమ్మ అంది. “ఇంకా దేంతో? కిరసనాయిలు డబ్బా మొత్తం ఖాళీ చేసింది మీ శిష్యురాలు. పూజ నాకు, ఖర్చు గూడా నాకే.”

అందరూ నవ్వారు. చింతపండు సంగతి నేను చెప్పలేదు. మెప్పు వచ్చాక మందు పేరు చెబితే మెప్పు పలచబడుతుందనిపించింది.

ఇంటికొస్తే అమ్మ. “ఏమ్మే, గురిగిలో చింతపండు యాడికి పోయింది? ఎలుకలు గూడా దసరా చేస్తా ఉండాయా?”

అక్టోబర్ 4, గురువారం

బంగారుపాళ్యం నుంచి సుబ్బన్న అనే మామిడితోటల ఆసామి వచ్చాడు. దీపావళి దాటాక కూతురి పెళ్ళి. మూడువందల కార్డులు. “మా ఊర్లో అందరూ వేయించినట్టు వొద్దు. ఆ వయ్యారం అక్షరాలే కావాల నాకు” అన్నాడు.

తాత నిలబడి ‘శుభలేఖ’ కంపోజ్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ప్రూఫు తీశాడు.

కాగితం నా చేతికి ఇచ్చాడు. లావుగీతలు వచ్చాయి. సన్నగీతలు రాలేదు. శ ఒకచోట, దాని తలకట్టు ఒకచోట, మధ్యలో ఖాళీ. ఖ రెండు ముక్కలు. ఎవరో కాళ్ళూ చేతులూ విరిచి బల్లమీద పరిచినట్టు.

తాత కళ్ళజోడు తీశాడు. పంచెకొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకుపోయాడు. తిరిగి వచ్చి చాలా మెల్లగా అడిగాడు.

“పాపా, సన్నగీతలు కనపడతా ఉండాయా నీకు?”

కనపడుతున్నాయి తాతా, అన్నాను.

ఎందుకన్నానో ఆ మాట ఇంకో పది సార్లు రాసినా తెలియదు. ఓనరమ్మ ముందుగదిలోనే ఉంది. సుబ్బన్న ఉన్నాడు. అప్పుడు లేవు అంటే ఎందుకు లేవు అంటారు. ఎందుకు లేవు అంటే.

తాత కుర్చీలో కూర్చున్నాడు. “సరే పాపా. నువ్వు సూసినావు గదా, అది సాలు.”

రేపు చెబుతాను.

అక్టోబర్ 5, శుక్రవారం

టైపును భూతద్దం కింద పెట్టి చూశాను. సన్నగీతలు చెరిగిపోలేదు. అరిగి కిందికి దిగిపోయాయి. లావుగీతలకంటే పల్లంలో ఉన్నాయి. సిరా రోలరు వాటిని తాకదు, కాగితమూ తాకదు.

ఇత్తడి గట్టిది, సీసం మెత్తది. ఇంతే. ఈ సంగతి మా అమ్మకు తెలియనక్కర్లేదు. నాకు తెలియాలి. నేను తెలుగు స్పెషల్ చదువుతున్నాను, అక్షరాలంటే ప్రాణమని ఈ డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను.

నిన్నటి ప్రూఫుమీద సన్నటి పాళీతో నల్లసిరా పెట్టి గీతలు ఎవరూ చూడకుండా నేనే గీశాను. మళ్ళీ వచ్చిన సుబ్బన్నకు అది చూపించాం. “ఆహా” అన్నాడు. ఓనరమ్మ సంతకం పెట్టించుకుంది.

తాతకు చెప్పలేదు. ఓనరమ్మ ఉంది.

అక్టోబర్ 6, శనివారం

ఓనరమ్మ కాగితం కొనడానికి చిత్తూరు పోయింది. ప్రెస్సులో తాతా నేనూ తప్ప ఎవరూ లేరు. చెప్పడానికి ఇంతకంటే మంచి రోజు రాదు.

తాత ట్రెడిల్ తొక్కాడు. కుంకుమరంగు సిరా. పది కార్డులకు ఒకటి తీసి నా వైపు ఎత్తి పట్టుకుంటాడు, ఏమీ అడగడు. నేను తల ఊపుతాను. మళ్ళీ పది. మళ్ళీ తల ఊపుతాను.

ముప్పై సార్లు ఊపాను.

కార్డులు మడవడానికి, కవర్లలో పెట్టడానికి అని కట్టలు ఇంటికి తెచ్చేశాను. కొంచెం సిరా కూడా ఆకులో చుట్టి తెచ్చాను.

అక్టోబర్ 9, మంగళవారం

మూడు రోజులు. కాలేజీ తెరిచారు, పోలేదు. సిరాలో చుక్క కిరసనాయిలు కలిపితే పాళీకి పారుతుంది. కార్డుకు తొమ్మిది సన్నగీతలు గీయాలి. మొదటి యాభై కార్డుల్లో గీతగీతకూ ఆగాను. నూరు దాటాక ఆగలేదు. రెండువందలు దాటాక, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, సంతోషంగా కూడా అనిపించింది. లావుగీత అంచునుంచి బయలుదేరి ఊపిరి బిగబట్టి అవతలి అంచుకు చేరడం. తాత చెప్పిన పనితనం ఇదేనేమో అనిపించింది. పాడుచేసినదాన్నే ఇంత ఇష్టంగా గీస్తున్నానని గుర్తొచ్చి పాళీ కింద పెట్టేశాను.

అమ్మకు చెప్పాను. అమ్మ దీపాలు తోమే చేతులు చూసుకుని అంది. “తోమితే అరగనిది యాడుండాదే? మా లాడ్జీలో ఇత్తడి అమ్మవారి ముక్కు నేను తోమీ తోమీ అరిగిపోయింది. ఆయమ్మకు ముక్కు లేదని ఎవురన్నా మొక్కడం మానినారా?”

తరువాత అంది. “ఆ ముసిలాయనకు సెప్పేయ్. కొట్టడు గదా.”

కొడతాడని కాదమ్మా.

ఒక్క కార్డు దిద్దకుండా ఉంచాను. ఎందుకో తెలియదు. ఈ డైరీలోనే ఉంది.

అక్టోబర్ 10, బుధవారం

కార్డులు ఇచ్చేశాను. తాత ఒకటి తీసుకుని వాకిట్లో ఎండలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చి అన్నాడు.

“ఈ పొద్దు కనపడతా ఉండాయి పాపా. శనివారం లేవు. కార్డు అదే, అక్షరం అదే. నా కండ్లే వొకరోజు మాదిరి ఇంకోరోజు లేవు.”

తాతా, అన్నాను.

“ఏం పాపా?”

మంచినీళ్ళు కావాలా, అన్నాను.

అక్టోబర్ 12, శుక్రవారం

తాత పెద్దాసుపత్రికి పోయొచ్చాడు. డాక్టరు గోడమీది బోర్డు చదవమన్నాడట, కిందివరస దాకా చదివేశాడట. కంటి పొర ఇంకా ముదరలేదు, అద్దాలు మార్చుకో చాలు అన్నాడట.

నాకు ప్రాణం లేచొచ్చింది. చూశారా తాతా, మీ కళ్ళకేం కాలేదు, అన్నాను. నేను చెప్పాల్సిన మాట డాక్టరే చెప్పేశాడు కదా.

తాత నవ్వాడు. “ఆ బోర్డుమీద అన్నీ లావు అచ్చరాలే పాపా. గీతంతా ఒకటే మందం. అది ఎవురికైనా కనపడతాది. సన్నగీత సంగతి ఆయప్పకేం తెలుసు?”

అక్టోబర్ 13, శనివారం

చెప్పలేదు.

అక్టోబర్ 14, ఆదివారం

కుదురుగా ఆలోచించాను. చెబితే ఏమవుతుంది? మల్లెతీగ పోయిందని తెలుస్తుంది. మళ్ళీ పోతపోసేవాళ్ళు లేరు. నిన్న తాత ఏమన్నాడంటే, “నా కండ్లు పోయినా ఆ అచ్చరాలు ఉంటాయి. అవి ఉంటే నేనున్నట్టే.” కళ్ళు మసకబారాయనుకోవడం నయమా? ముప్పై ఎనిమిదేళ్ళు కాపాడుకున్నది ఒక్క మధ్యాహ్నంలో కొబ్బరిపీచుతో పోయిందని తెలియడం నయమా? ముసలివాళ్ళకు కళ్ళు మసకబారడం మామూలే. చెప్పకపోవడమే ఆయనకు మంచిది.

పైన చివరి నాలుగు వాక్యాలు మళ్ళీ చదివాను. ప్రూఫు దిద్దేదాన్ని కదా. తప్పు కనపడుతూనే ఉంది. ‘ఆయనకు’ అన్న మాట కొట్టేసి ‘నాకు’ అని రాయాలి.

అక్టోబర్ 15, సోమవారం

సుబ్బన్న కార్డులు చాలలేదని మరో యాభైకి వచ్చాడు. “పెండ్లికొడుకు వాళ్ళు అచ్చరాలు సూసి నోరు తెరిచినారంటే నమ్మప్పా మునెయ్యా!”

తాత ఆర్డరు పట్టలేదు. “నా చేత కాదు సామీ. నాకు కండ్లు ఆనడంలే” అన్నాడు. ఓనరమ్మ ముందే అన్నాడు. అంత దాచుకున్న మాట, చొక్కా విప్పినట్టు విప్పేశాడు.

ఓనరమ్మ చేతిలో కాగితం చేతిలోనే ఉండిపోయింది. “ఏమంటా ఉండావు మునెయ్యా? కార్డులు అంత బాగా వచ్చినాయి గదా?”

“వచ్చినాయమ్మా. నేను సూడకుండానే వచ్చినాయి. పాప తలకాయ ఊపితే తొక్కినాను. ఇంక అట్ల తొక్కలేను. ఏదో ఒకరోజు నీ ప్రెస్సుకు చెడ్డపేరు తెస్తాను.”

సుబ్బన్న గడ్డం గోక్కుని అన్నాడు. “మా బామ్మర్ది మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో గేటు కాడ మనిషి కావాలంటా ఉండాడు. ఇప్పుడు సీజను గూడా కాదు, ఊరికే కుర్చీలో కూర్చోవాల. సీజన్లో లారీ వస్తే గేటు తీయాల. లారీ ఏమన్నా ఎంటికా, కనపడకపోవడానికి?”

తాత నవ్వాడు. “లావుగీతే గదా సామీ. వస్తా.”

నేను అక్కడే ఉన్నాను. ప్రూఫులు నా ఒళ్ళో ఉన్నాయి. ఒక్క వాక్యం చాలు. నాకు ఎన్ని మాటలు తెలుసు! రోజుకొకటి చొప్పున నేర్చుకుని ఈ డైరీ వెనక పేజీల్లో రాసుకున్నాను. నూటపద్నాలుగు ఉన్నాయి. ఒక్కటీ రాలేదు.

అక్టోబర్ 17, బుధవారం

తాత కేసులన్నీ దులిపి సర్దుతున్నాడు. తన స్టిక్కు తుడిచి ఓనరమ్మకు ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. “నీ దగ్గరే ఉండనీ. ఆడ గేటు కాడ లారీల పేర్లు కంపోజ్ చేసుకో” అని కసురుతూ లోపలికి పోయింది. లోపల ముక్కు చీదడం వినపడింది.

అక్టోబర్ 18, గురువారం

ఈరోజు మధ్యాహ్నం తాత నన్ను పిలిచి నా చేతిలో తాళంచెవి పెట్టాడు. కిందిసొరుగుది.

“ఓనరమ్మకు చెప్పినా. ఇది నీ కాడ ఉండాల. నీకు అచ్చరాలంటే ప్రేముండాది. రేపు కొత్త మనిషి వస్తాడు, వాడు దీన్ని సినిమా నోటీసుకు వాడతానంటాడు. ఇవ్వబాకు. పెండ్లికి తప్ప తీయబాకు. కిరసనాయిల్లో గుడ్డ తడిపి వొత్తాల, రుద్దగూడదు. రుద్దితే సన్నగీత తట్టుకోలేదు. ఈ మాట నీకు ముందే చెప్పాల్సింది, మర్చిపోయినా.”

ముందే చెప్పాల్సింది, మర్చిపోయినా. తప్పు ఆయనదన్నట్టు.

నేను ఏడ్చాను. తాత నేను ఆయన పోతున్నందుకు ఏడుస్తున్నాననుకున్నాడు. తల నిమిరాడు. “పిచ్చిపాపా, బంగారుపాళ్యం ఏమన్నా కాశీనా? బస్సెక్కితే మూడు గంటలు.” ఆ చేయిని అలాగే నా తలమీద ఉండనిచ్చాను. అది కూడా దొంగిలించినట్టే ఉంది.

తాత ఇంటికి పోయాక సొరుగు తెరిచాను. ‘శ’ తీసి రుమాల్లో చుట్టుకున్నాను.

చెబితే పని తిరిగొస్తుందా? రాదేమో. ఓనరమ్మ నన్ను మళ్ళీ గడప తొక్కనివ్వదేమో. మల్లెతీగ అయితే ఎటూ రాదు. తాత మళ్ళీ నా తల నిమరడు. ఇవన్నీ తెలుసు. ఇప్పటికి ఎన్నిసార్లు ‘చెప్పలేదు’ అని రాశానో పేజీలు తిప్పి చూస్తే తెలుస్తుంది. తిప్పను.

రేపు తాత ఎక్కే బస్సు ఎన్ని గంటలకో ఆయన్ను రెండుసార్లు అడిగాను. ఓనరమ్మను ఒకసారి అడిగాను. ఆరూ పది. తిరుచానూరులో మొదటి బస్సు ఐదుకు. అమ్మను నాలుగున్నరకు లేపమన్నాను. “ఎందుకే?” అంటే చెప్పాను. చెప్పేశాను కాబట్టి ఇక అమ్మ నన్ను పడుకోనివ్వదు. నేను లేవకపోతే చెంబుతో నీళ్ళు పోస్తానంది.

రేపు పొద్దున చేయాల్సింది ఇది. బస్సు కదలకముందు తాత పక్కన కూర్చోవాలి. దిద్దని కార్డు ఆయన చేతిలో పెట్టాలి. ‘శ’ను ఆయన వేలికింద పెట్టాలి. కళ్ళను నమ్మకపోయినా వేలిని నమ్ముతాడు. సన్నగీత కనపడుతోందా తాతా, అని నేనే అడగాలి. లేదు పాపా, అంటాడు.

నాకూ కనపడటం లేదు తాతా. ఆరోజు కూడా కనపడలేదు. అనాలి.